రక్తపు పోటును నిలబెట్టే మందులు – ఏది మేలు?

అద్దంకి బ్రాంచి కాలువ కింద సేద్యము చేసేవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు: కాలువలో మట్టము తగ్గిందంటే చివరి పొలానికి నీరెక్కదు. మన శరీరములోనూ అంతే. సూక్ష్మజీవులు తీవ్రముగా విజృంభించినప్పుడు రక్తనాళములు సడలుతాయి. రక్తపు పోటు పడిపోతుంది. మూత్రపిండములకు, మెదడుకు చాలినంత రక్తము అందదు. ఈ స్థితి షాక్. మొదట సెలైను ఎక్కిస్తారు. అది చాలకపోతే నాళములను బిగించే మందు కావాలి.

అటువంటి మందు మన ఒంటిలోనే ఉన్నదని 1894లో తెలిసింది. ఇంగ్లండులో ఆలివర్, షేఫర్ అనేవారు మూత్రపిండముల నెత్తిన ఉండే ఎడ్రినల్ గ్రంథుల సారమును జంతువులకు ఎక్కించగా, పోటు ఒక్కసారిగా లేచింది. 1901లో జపాను రసాయనవేత్త టకమీనె ఆ సారమునుండి ఎడ్రినలిన్ స్ఫటికములను వేరుచేసినట్లు ప్రకటించాడు. (ఆ పనిలో చేయికలిపిన ఉయెనక పేరు మన పాఠ్యపుస్తకములలో అరుదు.) 1946లో స్వీడను శాస్త్రజ్ఞుడు ఫాన్ ఆయిలర్, నాడుల కొసలలో ఉండేది దాని తోబుట్టువైన నారెడ్రినలిన్ అని చూపాడు.

నారెడ్రినలిన్ మందుగా వచ్చింది గాని చెడ్డపేరు తెచ్చుకొన్నది. నాళములను మితిమీరి బిగించి మూత్రపిండములను ఎండగడుతుందని వైద్యులు జంకారు. అందుచేత డోపమిన్ వైపు మొగ్గారు. కొద్ది మోతాదులో అది మూత్రపిండముల నాళములను వెడల్పు చేస్తుంది. మూత్రము పెరగడము కంటికి కనబడుతుంది. ఇంతకంటె రుజువేమి కావాలి అనిపిస్తుంది! కాని మూత్రము పెరగడము వేరు, మూత్రపిండము బాగుపడడము వేరు. 328 మంది రోగులపై జరిపి 2000లో ప్రకటించిన పరీక్షలో, కొద్ది మోతాదు డోపమిన్ మూత్రపిండములను కాపాడలేదని తేలింది.

మరి షాక్‌లో ఏది మేలు? బెల్జియము, ఆస్ట్రియా, స్పెయిను దేశములలో 1679 మందిని చీట్లు తీసినట్లు రెండు జట్లుగా విడదీశారు. ఎవరికి ఏ మందు ఎక్కుతున్నదో చికిత్స చేసే వైద్యునికి కూడ తెలియదు. తెలిస్తే తన నమ్మకము లెక్కలోకి చొరబడుతుంది గదా! 2010లో ఫలితము వెలువడింది. 28 రోజులలోగా డోపమిన్ జట్టులో నూటికి 52.5, నారెడ్రినలిన్ జట్టులో 48.5 మంది చనిపోయారు. ఈ తేడా యాదృచ్ఛికము కావచ్చును. కాని గుండె లయ తప్పినవారు మొదటి జట్టులో నూటికి 24.1, రెండవదానిలో 12.4 మంది మాత్రమే. దీనిని కాకతాళీయమనలేము.

2012 నాటి అంతర్జాతీయ సూచనలలో, సూక్ష్మజీవులవల్ల కలిగే షాక్‌కు నారెడ్రినలిన్ మొదటి మందైనది. అయినా ఆ జట్టులోను దాదాపు సగముమంది బ్రతకలేదు. ఈ మందు పోటును నిలబెట్టి గడువు ఇస్తుంది. ఆ గడువులో సూక్ష్మజీవులను చంపే మందు వేరే పడాలి.