ఆ తర్వాత ఆమె ఏమైంది?

మూసారాంబాగ్ పేరు వెనక ఓ ఫ్రెంచి సైనికుడున్నాడని మా పేటలో చాలామందికి తెలుసు. 1775లో పాండిచ్చేరిలో దిగి, ఆ తర్వాత నిజాం అలీ ఖాన్ కొలువులో చేరిన రేమాండ్‌ని హిందువులు మూసా రామ్ అనీ, ముస్లిములు మూసా రహీమ్ అనీ పిలుచుకున్నారని చెప్తారు. 1798లో చనిపోతే ఆస్మాన్‌గఢ్ గుట్టమీద సమాధి కట్టారు. 2001లో అక్కడి మంటపం కూలిపోతే మళ్ళీ కట్టారు. 2018లో వచ్చిన మెట్రో స్టేషన్‌కీ ఆ పేరే పెట్టారు.

రేమాండ్ పాల్గొన్న 1795 నాటి ఖర్దా యుద్ధంలో ఆడవాళ్ళ పటాలం కూడా ఒకటి మరాఠాల మీద పోరాడింది. నిజాం జనానాకి కాపలా కాసే ఆ సిపాయిలను జఫర్ పల్టన్ అనేవాళ్ళు. మామా బరన్, మామా చంపా వాళ్ళకి నాయకులు. మా పేటలో ఎవర్నయినా ఈ పేర్లు అడిగి చూడండి. ‘ఎవరు వాళ్ళు?’ అని మనల్నే తిరిగి అడుగుతారు. ఒకే యుద్ధం చేసినవాళ్ళలో మగవాడికి గుట్టా, సమాధీ, స్టేషనూ మిగిలితే ఆడవాళ్ళు పుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాలుగా మిగిలారు.

వియత్నాంని ఉత్తరం నుంచి దక్షిణం దాకా చూసి రావాలని మేం పదకొండుమంది ఆడవాళ్ళం బయల్దేరినపుడు నా మనసులో ఈ సంగతే వుంది. ఆయుధం పట్టిన ఆడవాళ్ళని ఆ దేశం మర్చిపోలేదని ఎప్పట్నించో వింటున్నాం. ఎలా గుర్తు పెట్టుకుందో చూడాలన్పించింది.

హనోయిలో దిగీ దిగగానే ఓ పెద్ద వీధికి ట్రుంగ్ అక్కచెల్లెళ్ళ పేరు కన్పించింది. క్రీ.శ. 40లో చైనా హాన్ పాలకుల మీద తిరగబడి, మూడేళ్ళు రాజ్యమేలి, 43లో ఓడిపోయిన ఇద్దరు స్త్రీలు. దాదాపు రెండు వేల ఏళ్ళ తర్వాత కూడా వాళ్ళకి గుళ్ళున్నాయి, పూజలున్నాయి. 1995లో తెరిచిన మహిళా మ్యూజియం కూడా హనోయిలోనే వుంది. పెళ్ళి, పురుడు, వ్యవసాయం, యుద్ధం అన్నీ అక్కడ ఆడవాళ్ళ వైపు నుంచి చెప్పారు. మాలో చాలామందికి కళ్ళు చెమర్చాయి. అయితే ఆడది తండ్రికి, మొగుడికి, చివరికి కొడుక్కి లోబడి వుండాలన్న కన్ఫ్యూషియస్ సంప్రదాయం కూడా ఆ నేల మీద శతాబ్దాల పాటు నడిచింది. మనువుని చదువుకున్న మనకి ఇది కొత్తేమీ కాదు. వీరనారికి గుడి కట్టడానికీ, ఇంట్లో ఆడపిల్ల నోరు నొక్కడానికీ ఏ సమాజానికీ పేచీ వున్నట్టు కన్పించదు.

హనోయి నుంచి సైగాన్‌కి వెళ్ళే రైలు మార్గం 1,726 కిలోమీటర్లు. ఫ్రెంచివాళ్ళు 1936లో పూర్తి చేశారు. 1954లో దేశం రెండు ముక్కలైనపుడు తెగిన ఆ దారి మళ్ళీ కలవడానికి 1976 దాకా ఆగాల్సొచ్చింది. మేం విన్‌లో రైలు దిగి, వ్యాన్ మాట్లాడుకుని డాంగ్ లోక్ వెళ్ళాం. హో చి మిన్ బాట మీద అదొక ముఖ్యమైన కూడలి. బాంబులు పడి రోడ్డు గుంతలైతే వాటిని పూడ్చి లారీలకి దారివ్వడం అక్కడి యువ వాలంటీర్ల పని. 1968 జూలై 24న బాంబు దాడిలో అలాంటి పదిమంది అమ్మాయిలు ఒకేసారి చనిపోయారు. చిన్నదానికి పదిహేడేళ్ళు, పెద్దదానికి ఇరవైనాలుగు. వరసగా పది సమాధులు. వాటిమీద జనం పూలతో పాటు దువ్వెనలు, అద్దాలు, తలంటుకునే కాయలు పెట్టి వెళ్తారు. మనకి కుంకుడుకాయల్లాగా వాళ్ళకి అవి. ఆ దువ్వెనలు చూశాక మాలో ఎవ్వరికీ నోట మాట రాలేదు.

చనిపోయినవాళ్ళకి సమాధులున్నాయి సరే, బతికి తిరిగొచ్చినవాళ్ళ సంగతేమిటి? ఆ అడవుల్లో మలేరియాతో జుట్టు రాలిపోయి, ఒళ్ళు గుల్లై, పెళ్ళి వయసు దాటిపోయిందన్న మాట పడుతూ యిళ్ళకి చేరిన ఆడవాళ్ళు వేలల్లో వున్నారు. వాళ్ళ యీడు మగవాళ్ళు ఎందరో యుద్ధంలో పోయారు. మిగిలినవాళ్ళు చిన్న వయసు పిల్లల్ని చేసుకున్నారు. అపుడు కొందరు స్త్రీలు పెళ్ళి మాట పక్కనపెట్టి, ఓ మగవాణ్ణి బిడ్డని మాత్రమే అడిగి, కని పెంచుకున్నారు. ‘బిడ్డని అడగడం’ అనే మాటే వాళ్ళ భాషలో పుట్టింది. ఊళ్ళో నిందలు పడ్డారు, ఒంటరిగానే నెగ్గుకొచ్చారు. 1986 నాటి కుటుంబ చట్టం పెళ్ళి కాకుండా పుట్టిన పిల్లలకీ సమాన హక్కులిచ్చింది. యుద్ధంలో చూపించిన ధైర్యానికి తక్కువదేం కాదిది. దీనికి మాత్రం ఏ కూడలిలోనూ విగ్రహం కన్పించలేదు. యుద్ధంలో కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లులకి ప్రభుత్వం 1994లో వీరమాత బిరుదు పెట్టింది. బిడ్డ కోసం ఊరిని ఎదిరించిన తల్లికి అలాంటి బిరుదేదీ లేదు.

హ్యూ నగరంలో మళ్ళీ పాండిచ్చేరి ఎదురైంది. రేమాండ్ హైదరాబాద్‌లో వున్న కాలంలోనే పిన్యో అనే ఫ్రెంచి బిషప్ పాండిచ్చేరిలో ఓడల్నీ, మనుషుల్నీ కూడగట్టి న్గుయెన్ ఆన్‌కి సాయం చేశాడు. అతనే 1802లో గియా లాంగ్ పేరుతో చక్రవర్తయ్యాడు. పదిహేనో శతాబ్దపు లే వంశం చట్టంలో కూతుళ్ళకి కొంత ఆస్తి హక్కుండేది. చైనా చట్టాన్ని చూసి రాయించిన గియా లాంగ్ శాసనం దాన్ని వెనక్కి లాగేసింది. రాజ్యం గెలిచినవాళ్ళు ఆడవాళ్ళ వాటా ఏం చేశారన్నది కూడా చరిత్రే. కోట చూపించే గైడు దాని వూసెత్తలేదు.

దక్షిణాన బెన్ ట్రే న్గుయెన్ థి దిన్ పుట్టినచోటు. ఫ్రెంచివాళ్ళు ఆమెని 1940లో జైల్లో పెట్టారు. భర్త కొన్ దావ్ ద్వీపం జైల్లో చనిపోయాడు. 1960 జనవరిలో బెన్ ట్రే తిరుగుబాటుకి నాయకత్వం వహించింది. ఆమె వెంట నడిచిన ఆడవాళ్ళకి ‘పొడుగు జుట్టు సైన్యం’ అని పేరొచ్చింది. 1965లో విముక్తి సైన్యానికి డిప్యూటీ కమాండర్ అయింది. 1973లో పారిస్ ఒప్పందం మీద సంతకం పెట్టిన నలుగురిలో న్గుయెన్ థి బిన్ ఒక్కతే ఆడది. యువ దళంతో యుద్ధానికి వెళ్ళిన మరో స్త్రీ, రచయిత్రి దుఒంగ్ థు హువొంగ్, గెలుపు తర్వాతి సమాజం గురించి నిలదీసి రాసినందుకు 1991లో జైలుపాలైంది. మొదటి ఇద్దరి గురించి గైడు పొంగిపోతూ చెప్పాడు. మూడో పేరు మేమే అడగాల్సొచ్చింది.

మన తెలంగాణ సాయుధ పోరాటం సంగతీ ఇంతే. 1951లో పోరాటం ఆగిపోయాక దళాల్లో పనిచేసిన ఆడవాళ్ళని ఇళ్ళకి వెళ్ళిపొమ్మన్నారు. తుపాకీ పట్టిన చేతులు మళ్ళీ గరిటె పట్టాయి. అడవిలో బిడ్డని కని ఎవరికో యిచ్చేసిన తల్లి దుఃఖం పార్టీ చరిత్రల్లోకి ఎక్కలేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చేదాకా వాళ్ళనెవరూ కూర్చోబెట్టి ‘ఆ తర్వాత ఏం జరిగిందమ్మా?’ అని అడిగింది లేదు. అడిగినవాళ్ళూ ఆడవాళ్ళే, టేపుల్లో విని రాసుకున్నవాళ్ళూ ఆడవాళ్ళే. వియత్నాంలో మేం చూసిన గొప్ప మ్యూజియాలేవీ ఆ పుస్తకమంత నిర్మొహమాటంగా మాట్లాడలేదనే నాకన్పించింది.

వీరవనితగానో వీరమాతగానో నిలబెడితే విగ్రహానికి బాగుంటుంది. ఆ రెంటి మధ్య మిగిలిన జీవితం మాత్రం, అంటే తిండి, ఆస్తి, ప్రేమ, ఒంటరితనం, వృద్ధాప్యం, పక్కన ఓ మనిషి కూర్చుని వింటేనే బయటికొస్తుంది. కొండపల్లి కోటేశ్వరమ్మ 2018లో, మల్లు స్వరాజ్యం 2022లో వెళ్ళిపోయారు. ఆ తరంలో ఇక మిగిలింది వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. వాళ్ళ తర్వాత నక్సల్‌బరీ కాలం వాళ్ళున్నారు, సారా ఉద్యమంలో దూబగుంట నుంచి కదిలినవాళ్ళున్నారు, ప్రత్యేక రాష్ట్రం కోసం రోడ్డెక్కినవాళ్ళున్నారు. వాళ్ళంతా మన వీధుల్లోనే వున్నారు. ఉద్యమంలో ఏం చేశావని అడిగి ఆగిపోవద్దు. ఇంటికొచ్చాక ఏమైందో కూడా అడుగుదాం.