గాలిమోటారు – విమానము: కొన్ని మాటల చరిత్ర

1932వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన జె. ఆర్. డి. టాటా టపాసంచులతో కరాచీనుండి చిన్న విమానమున బయలుదేరి, అహమ్మదాబాదు మీదుగా బొంబాయి చేరెను. అచ్చటినుండి ఆ టపాను మద్రాసునకు గొనిపోయినవాడు నెవిల్ విన్సెంట్. ఆయన ఆ రాత్రికి బళ్లారిలో దిగి, మరునాడు మద్రాసునకు సాగెను. బళ్లారి అప్పటికి మద్రాసు రాజధానిలోని జిల్లా. 1953లో మైసూరు రాష్ట్రమున చేరినది. ఇట్లు తెలుగువారు తరతరములుగా కాపురమున్న మా ఊరు ఆకాశమార్గమున ఒక మజిలీయైనది.

మా అవ్వ ఆ కాలమున బళ్లారిలోనే ఉండెను. ఆమె బ్రతికినన్నాళ్లును దానిని గాలిమోటారనియే పిలిచెను. నేను బడిలో కొత్తగా నేర్చిన గర్వముతో ఒకనాడు, "అవ్వా, దాన్ని విమానమనాల" అంటిని. ఆమె నవ్వి, "ఇమానం గుడిమింద ఉంటాది నాయనా, ఇది గాలిమోటారు" అనెను. ఇంటిల్లిపాదియు నవ్విరి. ఆ తరువాత ఆమె నా యెదుట ఆ మాట వాడుట తగ్గించెను. అప్పుడు నేను గమనింపలేదు.

అవ్వ పలికినది తప్పు కాదని నాకు ఎన్నో యేండ్లకు తెలిసినది. విమానశబ్దమునకు మూలమైన 'మా' ధాతువునకు కొలుచుట యని అర్థము. వేదమున కొలుచునది, దాటునది యను భావమున ఆ మాట కన్పట్టును. రామాయణమున పుష్పకమైనది. అమరకోశమున వ్యోమయానమునకు పర్యాయమైనది. ఆలయవాస్తువునందు గర్భగృహముపై కొలతప్రకారము లేచిన కట్టడము విమానము. తిరుమల ఆనందనిలయ విమానమును, తంజావూరు బృహదీశ్వరాలయ విమానమును ఎరుగనివారెవరు? అవ్వకు తెలిసిన విమానము అదియే. యంత్రము వచ్చిన పిదప పండితులు పాత మాటను దానికి తగిలించిరి. మాట చక్కగా అతికినది, సందేహము లేదు.

అంతమాత్రమున యంత్రము కూడ ప్రాచీనమని వాదించుట తగదు. ఆనేకల్లు వాస్తవ్యులైన సుబ్బరాయశాస్త్రిగారు చెప్పగా ఇరువదవ శతాబ్దమున వ్రాయబడిన వైమానికశాస్త్రమును బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలోని శాస్త్రజ్ఞులు పరీక్షించి, 1974లో తమ అభిప్రాయమును ప్రకటించిరి. ఆ గ్రంథము 1904నకు పూర్వపుది కాజాలదనియు, అందు వర్ణింపబడిన విమానములు ఎగురజాలవనియు వారు తేల్చిరి. ఈ సంగతి మన సంఘములోని కొందరు మిత్రులకు రుచింపదు. అయినను చెప్పక తప్పదు.

ఇక అంగముల పేర్లు. నేను బెంగుళూరులో ఒక విమాన కర్మాగారపు సామానుల గిడ్డంగిలో గుమాస్తాగా చిరకాలము పనిచేసితిని. చిట్టాలో నిత్యము వ్రాసిన పేర్ల పుట్టుక నాకు తెలియదు. పదవీవిరమణానంతరము నిఘంటువులు తిరగవేయగా ఆశ్చర్యము కలిగినది. విమానపు మొండెమునకు ఫ్యూజిలేజ్ అని పేరు. అది కదురును తెలుపు ఫ్రెంచిమాటనుండి పుట్టినది. నడుమ లావై, కొనలు సన్నగిలిన కదురును మన నేతగాండ్ర యిండ్లలో ఎవరు చూడలేదు? ఏలరాన్ అనగా చిన్నరెక్క. ఎంపెనేజ్ అనగా తోకభాగము. బాణమునకు ఈకలు కట్టుట యను మాటకు చుట్టము. ఇంజనును కప్పి యుంచు నాసెల్ మొదట చిన్నపడవ. రడ్డరు పడవనుండి వచ్చినదే. మనకు చుక్కాని ఉండనే యున్నది. హ్యాంగరు అనగా ఫ్రెంచివారికి మొదట బండ్లు నిలుపుకొను పాక. మన సీమలో కొట్టమందుము. ఇక నడుపువాడు కూర్చుండు కాక్‌పిట్! కోడిపందెపు బరికి ఇంగ్లీషువారు పెట్టిన పేరది. అది మొదట ఓడలోనికి, పిదప పడవ నడుపువాని తావునకు, తుదకు విమానమునకు ఎక్కినది. మన గోదావరి సోదరులు సంక్రాంతికి చూచు బరియే అది యని తెలిసిననాడు నేను ఒంటరిగా కూర్చుండి నవ్వుకొంటిని.

పరదేశములందును ఈ పేర్లు ఆకాశమునుండి ఊడిపడలేదు. పడవవాడు, నూలు వడకువాడు, విలుకాడు వాడిన మాటలనే కొత్త పనికి తిప్పుకొనిరి. మనవారు విమానములకు పుష్పక్, మారుత్, కిరణ్ అని సంస్కృతనామములు పెట్టిరి. పుష్పక్ 1958లోను, మారుత్ 1961లోను, కిరణ్ 1964లోను తొలిసారి ఎగిరినవి. అవి యింపైన పేర్లే. లోపలి భాగములకు మాత్రము మా గిడ్డంగిలో ఇంగ్లీషుతప్ప మరొకటి వినబడలేదు. నాతో పనిచేసిన తెలుగువారు కన్నడములోనో, తమిళములోనో మాటలాడి, పేరువద్దకు రాగానే ఇంగ్లీషులోనికి దిగెడివారు. నేనును అంతే.

ఒడియావారు ఉడాజాహాజ్ అందురు, ఎగురు ఓడ యని. హిందీవారిది గాలిఓడ. మోటారుబస్సును ఎరిగిన మన పల్లెజనము గాలిమోటారనిరి. పద్ధతి ఒక్కటే. ఓడమాట పెద్దమాటయై నిలిచినది, మోటారుమాట మోటుమాటయై పోయినది, పోగొట్టినవారిలో నేనొకడను.

ఇప్పుడు ఒక నోటుబుక్కున ఆ పాత చిట్టాపేర్లను ఎడమవైపునను, మన మాటలను కుడివైపునను వ్రాసికొనుచున్నాను. కదురు, చిన్నరెక్క, చుక్కాని, కొట్టము, బరి – ఇంతవరకు కుదిరినవి. రివెట్టుకు ఏమియు తోచక రివెట్టనియే వ్రాసితిని. మొదటి పుటలో, ఏరోప్లేనునకు ఎదుట, అవ్వ మాట ఉన్నది.