నిత్యాభ్యాసం: భారతీయ వ్యాయామ చరిత్రలో ఒక పరిశీలన

క్రీ.శ. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, శ్రీకృష్ణదేవరాయల దినచర్యను తన వృత్తాంతంలో వివరంగా నమోదు చేశాడు. రాయలు ప్రతిదినం తెల్లవారకముందే నువ్వులనూనె సేవించి, అదే నూనెను ఒళ్లంతా పట్టించుకొని, నడుముకు చిన్న వస్త్రం చుట్టుకొని, మట్టితో చేసిన పెద్ద బరువులను ఎత్తేవాడు. తరువాత కత్తి చేపట్టి, పట్టించుకున్న నూనె యావత్తూ చెమటతో కారిపోయేదాకా సాము చేసేవాడు. ఆపైన తన మల్లులలో ఒకనితో కుస్తీ పట్టి, గుర్రమెక్కి సూర్యోదయం వరకు మైదానంలో స్వారీ చేసేవాడు. స్నానం, దేవతార్చన ముగిసిన పిమ్మటనే అధికారులతో రాజ్యవ్యవహారాలకు కూర్చునేవాడు.

ఈ వర్ణన చదివినవారు సాధారణంగా రాయల దేహదారుఢ్యాన్ని మెచ్చుకొని ఊరుకుంటారు. కాని అందులో అంతకంటె విలువైన మాట 'ప్రతిదినం' అన్నది. ఆ దినచర్యలో ఒక పని మరొక పనికి దారితీస్తుంది. ఒంటికి నూనె పట్టించుకున్నవాడు చెమట పట్టించక తప్పదు. మల్లుడు ఎదురుచూస్తూ ఉంటాడు, గుర్రం సిద్ధంగా ఉంటుంది. ఒక్కనాడు మానుకోవాలంటే రాజు ఎందరినో వెనక్కి పంపవలసి వస్తుంది. అంటే వ్యాయామం ఆయన ఇష్టాయిష్టాల మీద కాక, నగరిలోని ఏర్పాటు మీద ఆధారపడి నడిచింది.

వ్యాయామం వల్ల మేలు కలుగుతుందని తెలియనివారు నేడు లేరు. తెలిసి ఆరంభించినవారు కూడ ఎక్కువమందే. ఆరంభించి నిలుపుకున్నవారే అరుదు. ఉత్సాహం పది దినాలలో చల్లారుతుంది. మన పూర్వులు ఈ సమస్యను గుర్తించారా, గుర్తిస్తే ఏమి ఉపాయం చూపారు అన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం.

చరకసంహిత సూత్రస్థానంలోని ఏడవ అధ్యాయం వ్యాయామాన్ని నిర్వచించి, దానిని మితంగా చేయాలని విధించింది. దేహానికి తేలికదనం, పనిచేసే సామర్థ్యం, స్థిరత్వం, కష్టసహిష్ణుత, జఠరాగ్నివృద్ధి దాని ఫలితాలని పేర్కొన్నది. మితిమీరితే అలసట, దప్పిక, దగ్గు, జ్వరం వంటివి కలుగుతాయని హెచ్చరించింది. తన బలంలో సగం మేరకే శ్రమించాలని సుశ్రుతుడు హద్దు గీశాడు. నోటితో ఊపిరి తీయవలసి వచ్చినప్పుడు ఆ హద్దు చేరినట్లు లెక్క. కొత్తగా మొదలుపెట్టినవారు తరచు మొదటివారంలోనే ఒళ్లు హూనం చేసుకొని, ఆ నొప్పులనే సాకుగా చూపి మానివేస్తారు. రేపు మళ్లీ చేయడానికి ఓపిక మిగలాలన్న దూరదృష్టి అర్ధబలసూత్రంలో ఉన్నది.

అంతకంటె ఆసక్తికరమైనది చరకంలోని తరువాతి ప్రస్తావన. వ్యాయామ ప్రకరణం ముగిసిన వెంటనే, అదే అధ్యాయంలో, అలవాటైన అహితాన్ని విడిచి హితాన్ని అలవరచుకొనే పద్ధతి చెప్పబడింది. ఒక్కసారిగా కాక పాదం చొప్పున, అంటే నాలుగవ వంతు చొప్పున, మధ్య మధ్య వ్యవధి ఇస్తూ పాతదానిని తగ్గించి కొత్తదానిని పెంచాలట. అలా క్రమంగా వచ్చిన గుణాలు స్థిరంగా నిలుస్తాయని శాస్త్రకారుని అభిప్రాయం. వ్యాయామాన్ని, అలవాటు పడే క్రమాన్ని ఒకదాని వెంట ఒకటిగా చదివినప్పుడు, ఆ ప్రాచీన వైద్యులు మానవస్వభావాన్ని ఎంత చక్కగా ఎరిగినవారో బోధపడుతుంది.

శాస్త్రం మితాన్ని, క్రమాన్ని చెప్పగా, వాటిని ఆచరణలో నిలిపినది వ్యాయామశాల. కల్యాణి చాళుక్యప్రభువు మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దిలో రచించిన మానసోల్లాసంలోని మల్లవినోద ప్రకరణం మల్లులను తరగతులుగా విభజించి, వారి ఆహారాన్ని, అభ్యాసాలను వివరిస్తుంది. బరువులెత్తడం, నడక, ఈత, స్తంభాభ్యాసం వాటిలో కొన్ని. ఉత్తరదేశంలోని అఖాడాలలో, తెలంగాణలోని తాలింఖానాలలో, ఆంధ్రదేశపు సాముగరిడీలలో ఇదే వారసత్వం వేర్వేరు రూపాలతో కొనసాగింది. తాలీం అన్న మాటకు విద్య, శిక్షణ అని అర్థం. అక్కడ గోదాలోని మన్నును తవ్వి, మెత్తపరచి, నూనె, పసుపు వంటివి కలిపి సిద్ధం చేసే పని శిష్యులదే. మన్నును కళ్లకద్దుకొని, హనుమంతునికో ఉస్తాదుకో నమస్కరించి గాని లోపల అడుగుపెట్టరు. దండీలు, బస్కీలు తీసేటప్పుడు పక్కవాని లెక్క చెవిన పడుతూ ఉంటుంది. ఒకనాడు రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవారుంటారు. నియతమైన వేళ, నియతమైన చోటు, తోడు, గురువు అన్న నాలుగింటిని తాలీం ఒక్కచోట కూర్చింది. ఒంటరి మనిషి మనసును నిత్యం బతిమాలుకోవలసిన అవసరం అక్కడ లేదు.

అయితే ఈ సంప్రదాయాన్ని పొగడుతూ దాని పరిమితిని మరువరాదు. గరిడీలో స్త్రీలకు చోటు దాదాపు లేదు. పొలం దున్నే రైతుకు, దంచి విసిరే ఇల్లాలికి వేరే వ్యాయామం అక్కరలేకపోయింది. వారి దేహాలకు జీవనమే శ్రమ కల్పించింది. కూర్చొని పనిచేసేవారి సంఖ్య పెరిగిన తరువాతనే ఇది సర్వజన సమస్య అయింది.

పాలకుల దృష్టిలో భారతీయులు దుర్బలులన్న నింద పంతొమ్మిదవ శతాబ్దిలో మన విద్యావంతులను బాధించింది. దానికి సమాధానంగా వ్యాయామశాలలు జాతీయచైతన్యానికి కేంద్రాలయ్యాయి. కలకత్తాలో 1902లో స్థాపితమైన అనుశీలన సమితి వ్యాయామసంఘంగానే ఆరంభమైంది. అమరావతి పట్టణంలోని హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి 1914లో వెలసి, 1936లో బెర్లిన్ ఒలింపిక్ క్రీడల సమయంలో భారతీయ వ్యాయామాలను ప్రదర్శించింది. మద్రాసులో హారీ క్రో బక్ 1920లో నెలకొల్పిన వై.ఎం.సి.ఏ. శిక్షణ కళాశాల ఎందరో వ్యాయామోపాధ్యాయులను దేశానికి అందించింది.

వీరఘట్టంలో జన్మించిన కోడి రామమూర్తి నాయుడు ఈ యుగపు తెలుగువారి గర్వకారణం. విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసి, ఆపై సర్కసు స్థాపించి, ఛాతీకి చుట్టిన ఇనుపగొలుసులను ఊపిరి బిగించి తెంచడం, కదలబోయే కార్లను ఆపడం వంటి ప్రదర్శనలతో దేశాన్ని సమ్మోహపరచి, 'కలియుగ భీముడు' అనిపించుకున్నాడు. ఆయన బలానికి మూలం ప్రాణాయామం, నియమిత జీవనం. కాని ప్రేక్షకులకు కనిపించినది తెగిన గొలుసు మాత్రమే. దాని వెనుక గడిచిన వేలాది ఉదయాలు ఎవరి కంటా పడవు. ప్రదర్శన ప్రేరణ ఇవ్వగలదు. ఆ ప్రేరణ మరునాడు ఉదయం దాకా నిలవడానికి వేరొక ఆధారం కావాలి.

ఆ ఆధారమేమిటో గాంధీజీ ఆత్మకథ చెబుతుంది. రాజకోట పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు గిమీ వ్యాయామాన్ని నిర్బంధం చేసినప్పుడు బాలుడైన మోహన్‌దాసుకు అది రుచించలేదు. మబ్బుపట్టిన ఒక శనివారం వేళ తెలియక ఆలస్యంగా వెళ్లి జరిమానా కట్టవలసి వచ్చింది. తాను చెప్పిన నిజాన్ని నమ్మలేదన్నది ఆయనకు మిగిలిన వేదన. వ్యాయామాన్ని నిర్లక్ష్యం చేయడం పొరపాటని ఆయన తరువాత ఒప్పుకున్నాడు. అయితే ఆరుబయట నడక మంచిదని పుస్తకాలలో చదివి, విద్యార్థి దశలోనే ఆ అలవాటు చేసుకున్నాడు. లండనులో చదువుకొనే రోజులలో, పని ఉన్న చోటికి అరగంటలో నడిచి చేరగలిగేలా గది చూసుకున్నాడు. ఉద్దేశం బండి ఛార్జీలు మిగల్చడం. దానివల్ల రోజుకు ఎనిమిది, పది మైళ్ల నడక సాగింది. తాను అక్కడ ఆరోగ్యంగా ఉండడానికి ఆ నడకే ముఖ్యకారణమని రాసుకున్నాడు. ఆయన ప్రతి ఉదయం నడవాలా వద్దా అని తర్కించుకోలేదు. ఎంచుకున్న గదే ఆయనను నడిపించింది. 1930 మార్చి 12న సబర్మతి నుండి బయలుదేరి 24 దినాలలో సుమారు 240 మైళ్లు నడిచి దండి చేరిన అరవైయేళ్ల మనిషి వెనుక, లండను వీధులలో అలవడిన ఆ నడక ఉన్నది.

స్వాతంత్ర్యానంతరం ఈ రంగంలో సంస్థలకు కొదువ లేదు. గ్వాలియరులో లక్ష్మీబాయి కళాశాల 1957లో, పటియాలాలో జాతీయ క్రీడాసంస్థ 1961లో ఏర్పడ్డాయి. అంతర్జాతీయ యోగా దినోత్సవం 2015 నుండి, ఫిట్ ఇండియా ఉద్యమం 2019 నుండి జరుగుతున్నాయి. అయినా లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో 2024లో వెలువడిన అధ్యయనం ప్రకారం, భారతదేశంలోని వయోజనులలో తగినంత శారీరకశ్రమ లేనివారు 2000లో సుమారు 22 శాతం కాగా, 2022లో 49 శాతానికి పైబడ్డారు. పురుషులలో ఇది 42 శాతం, స్త్రీలలో 57 శాతం. గరిడీ తలుపు స్త్రీకి తెరవని సమాజం, ఆమె రోకలిని, తిరగలిని తొలగించిన తరువాత బదులుగా మరొక చోటు చూపలేదన్న మాట.

ఈ సందర్భంలో స్వానుభవాన్ని ఒకటి చెప్పుకోవడం అనుచితం కాదనుకుంటాను. ప్రభుత్వోద్యోగిగా బదిలీలు నాకు తప్పవు. ఒక జిల్లాకేంద్రంలో ఉండగా పొరుగింటి విశ్రాంత ఉపాధ్యాయులు ఒకరు ప్రతి ఉదయం అయిదుంపావుకు మా గేటు తట్టేవారు. నాలుగేళ్లు వానలోనూ నడిచాము. నేను మహా నియమపరుడనని ఆ రోజులలో నమ్మాను. బదిలీ అయి కొత్త ఊరు చేరిన మూడవ వారానికే నడక ఆగిపోయింది. ఏడాది తిరిగేసరికి రక్తపరీక్షలో చక్కెర కనిపించింది. నియమం నాది కాదని, ఆ గేటు తట్టిన చేతిదని అప్పుడు తెలిసింది. ఇప్పుడు కొత్త ఊరికి వెళితే, ఇల్లు కుదరకముందే తోడు ఎవరని వెతుకుతాను. ఒకరు దొరికిన చోట నడక సాగింది, దొరకని చోట సాగలేదు.

కాబట్టి మానివేసినవానిని సోమరి అని నిందించడంకంటె, అతనికి ఏమి కొరవడినదో విచారించడం మేలు. వేళ నిశ్చితమా? చోటు దగ్గరలో ఉన్నదా? రాకపోతే అడిగేవారున్నారా? బలంలో సగం మిగుల్చుకుంటున్నాడా? చాలామందికి ఈ నాలుగింటిలో ఒకటో రెండో లోపించి ఉంటాయి. వాటిని సమకూర్చడం కొంత వ్యక్తి చేతిలోను, కొంత మనవంటి అధికారుల చేతిలోను ఉన్నది. కార్యాలయ ఆవరణలో చెట్లనీడన ఒక బాట, వెలుగున్న వీధి, స్త్రీలు నిర్భయంగా నడవగల ఉద్యానం, సాయంత్రం వేళ తాళం వేయని పాఠశాల మైదానం, ఇవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. రాయలకు మల్లుడు, గుర్రం ఎదురుచూస్తూ ఉండేవి. సామాన్యునికి ఆ బాట మీద ఒక పొరుగువాడు ఎదురుచూస్తూ ఉంటే చాలు.