దిక్కు చెప్పే రెండు చెవులు

రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర వచ్చిందంటే మా బరంపురం వీధులన్నీ డప్పులతో మోగిపోతాయి. డప్పు కంటికి కనబడకపోయినా అది ఏ వైపు మోగుతోందో పిల్లలందరికీ తెలిసిపోతుంది. అది ఎలా తెలుస్తోందో తేల్చడానికి శాస్త్రవేత్తలకు వందేళ్లకు పైగా పట్టింది.

18వ శతాబ్దం చివర ఇటలీ దేశస్థుడు వెంచూరి ఒక మనిషికి కళ్లకు గంతలు కట్టి మైదానంలో నిలబెట్టాడు. దూరంగా చుట్టూ తిరుగుతూ పిల్లనగ్రోవి ఊది, ‘ఎటునుంచి వస్తోంది?’ అని అడిగాడు. దగ్గరి చెవికి శబ్దం గట్టిగా, రెండో చెవికి మెల్లగా వినిపించడమే కారణమని తేల్చాడు.

ఇంగ్లండు శాస్త్రవేత్త రేలీకి ఇది చాలలేదు. సన్నని కీచు శబ్దాలను తల అడ్డుకుంటుంది, కాబట్టి తేడా తెలుస్తుంది. మరి బొంగురు శబ్దాలో? అవి తల చుట్టూ వంగి రెండు చెవులకూ ఇంచుమించు సమానంగానే చేరతాయి. అయినా దిక్కు తెలుస్తుంది! రెండో చెవికి శబ్దం కాస్త ఆలస్యంగా చేరడమే దీనికి కారణమని ఆయన 1907లో వివరించారు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. సెకనును 10,000 భాగాలు చేస్తే, ఆ ఆలస్యం ఎక్కువలో ఎక్కువ 6 లేక 7 భాగాలే. అంత చిన్న తేడాను మన మెదడు పట్టేస్తుంది!

అప్పట్లో మన గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో చేరింది. అదే ప్రెసిడెన్సీలోని విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ గారు రేలీ రచనలు చదివి, తర్వాత మృదంగం, తబలా నాదాలపై పరిశోధనలు చేశారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు దూరదూరంగా పెట్టిన పెద్ద కొమ్ముబూరాలకు గొట్టాలు తగిలించి, చెవులకు పెట్టుకుని శత్రు విమానాల దిక్కు కనిపెట్టేవారు. తర్వాత రాడార్ రావడంతో వాటి పని అయిపోయింది.

మా తాతయ్యకు చిన్నప్పుడు చీము పట్టి ఎడమ చెవి పోయింది. రోడ్డు మీద ఆయనకు హారన్ వినిపిస్తుంది గానీ బండి ఎటునుంచి వస్తోందో తెలీదు. అందుకే నేనెప్పుడూ ఆయనకు ఎడమ పక్కనే నడుస్తాను. ఒక చెవి పోతే సగం వినికిడే కాదు, దిక్కు కూడా పోతుందని నాకు ఆయన్ని చూశాకే అర్థమైంది.

కాబట్టి మిత్రులారా, చెవిలో పుల్లలు పెట్టకండి. చీము కారితే వెంటనే డాక్టరుకు చూపించండి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రోడ్డు దాటకండి. రెండు చెవులూ ఉంటేనే దారి క్షేమం.