పెనుమూడి రేవు – కొన్ని జ్ఞాపకాలు, కొన్ని తగాదాలు

మొన్న మాఘమాసంలో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని దర్శనం చేసుకొని సకుటుంబంగా తిరిగి వస్తున్నాము. కారు కృష్ణ మీది వారధి ఎక్కింది. మా మనుమడు కిటికీలోనుండి నదిని చూస్తూ, "తాతయ్యా, నువ్వు చెబుతుంటావే, పడవల రేవు, అది ఎక్కడ ఉండేది?" అని అడిగాడు. చేయి చాచి చూపించబోయి ఆగిపోయాను. ఎన్ని వందలసార్లు దాటి ఉంటానో ఆ రేవును! అయినా వారధికి ఎగువనా, దిగువనా అన్న చిన్న ప్రశ్నకు నా వద్ద సమాధానం లేకపోయింది. ముప్పదియేళ్ళకు పైగా పిల్లలకు "స్మృతి", "విస్మృతి" పదాలకు అర్థాలు చెప్పిన వాడిని. ఆ పూట సిగ్గనిపించింది.

ఆ సిగ్గుతోనే తరువాతి నెలలో నాలుగైదుసార్లు పెనుమూడి వెళ్ళి, రేవు ఎరిగిన పెద్దలను కదిలించాను. వారు చెప్పినదీ, నాకు గుర్తున్నదీ కలిపి ఇక్కడ వ్రాస్తున్నాను. వారి కోరిక మేరకు పేర్లు వ్రాయడం లేదు.

ఈ ప్రాంతం ఎరుగని పాఠకుల కొరకు రెండు మాటలు. పులిగడ్డ వద్ద కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ ఉన్నదే దివిసీమ. పశ్చిమపు పాయకు అటు గట్టున పులిగడ్డ, ఇటు గట్టున పెనుమూడి. పెనుమూడి రేపల్లె మండలంలోనిది. 2022 ఏప్రిల్ వరకు గుంటూరు జిల్లా, ఆ తరువాత బాపట్ల జిల్లా. ఒక గట్టు మీద నిలబడితే రెండవ గట్టు మీది చెట్లు కనిపిస్తాయి. కాని వారధి లేని రోజులలో నేలమీదనే పోదలచినవాడు రేపల్లె నుండి తెనాలి, అక్కడినుండి బెజవాడ, అక్కడినుండి మళ్ళీ ఏటి వెంట అవనిగడ్డకు రావలె. నూరు కిలోమీటర్లకు పైగా చుట్టు. పడవ ఎక్కితే, నీళ్ళు బాగుంటే, ఒక చుట్ట కాల్చినంతసేపు.

ఈ రేవు ఎంత పాతదని అడిగితే ఊరిలో ప్రతివాడూ "తాతలనాటిది" అంటాడు. అది చరిత్ర కాదు, మర్యాద. మనకు గట్టిగా తెలిసినవి కొన్ని ఉన్నాయి. 1850ల నడుమ బెజవాడ ఆనకట్ట పూర్తయి, కాలువలు తవ్వబడి, డెల్టాలో ప్రయాణమూ సరకుల రవాణా కాలువ పడవల మీద సాగింది. 1916లో గుంటూరు నుండి తెనాలి మీదుగా రేపల్లెకు రైలు వచ్చింది. మద్రాసు అండ్ సదరన్ మరాఠా కంపెనీ వారి రైలు. రేపల్లె ఆ దారికి చివరి స్టేషను. రైలు ఆగిపోయిన చోట దివిసీమ ప్రయాణం మొదలయ్యేది. దివిసీమ వారికి మద్రాసుకైనా, గుంటూరు కోర్టుకైనా, తెనాలి బజారుకైనా దగ్గరి దారి పెనుమూడి మీదుగానే. కనుక ఈ రేవును రేవుగా నిలిపినది నది ఒక్కటే కాదు, రైలు కూడా అని నా అభిప్రాయం. జట్కాలు, తరువాత రిక్షాలు, ఇంకా తరువాత బస్సులు, అన్నీ రైలు వేళను బట్టి కదిలేవి. రైలు ఆలస్యమైతే రేవులో ఇడ్లీలు చల్లారిపోయేవి.

రేవు ఎవరి సొత్తు? ఇది చాలామందికి తెలియదు. 1890లో మద్రాసు ప్రభుత్వం కాలువలకూ రేవులకూ ఒక చట్టం చేసింది. దాటురేవును ప్రభుత్వం పేర పెట్టి, వసూలు హక్కును పాట పెట్టడం అప్పటినుండి వస్తున్న పద్ధతి. మా వైపు దానిని "రేవు పాట" అంటారు. పాట పాడుకున్నవాడు గట్టు మీద తాటాకు పాక వేసి, బల్ల వేసుకొని కూర్చుండేవాడు. మనిషికి ఇంత, సైకిలుకు ఇంత, మేకకు ఇంత, ఎడ్లబండికి ఇంత. నడిచేవాడు ఆ పాటదారుకు లెక్క చెప్పవలె, పడవ నడిపేవాడు కూలి కోసం అతని ముఖమే చూడవలె. పడవ సరంగు రేవుకు యజమాని కాడు. మనం జ్ఞాపకాలలో పడవవాడినే రేవుకు రాజుగా చెప్పుకుంటాము గాని, రాజు పాకలో కూర్చున్నవాడు.

బల్లకట్టు చూడనివారికి చెబుతున్నాను. రెండు పడవలను పక్కపక్కన కట్టి, వాటిమీద బల్లలు పరిస్తే బల్లకట్టు. ఎడ్లను విప్పి, బండిని మనుషులే తోసి, చక్రాల కింద రాళ్ళు పెట్టేవారు. "ఓడలు బండ్లు, బండ్లు ఓడలు" అన్న సామెతను నేను తరగతిలో చెప్పినప్పుడల్లా నా కళ్ళకు కట్టేది పెనుమూడి బల్లకట్టే. నీళ్ళు లోతుగా ఉంటే తెడ్డు, మెరకగా ఉంటే గెడ, పైరగాలి వీస్తే తెరచాప. తరువాత ఇంజను లాంచీలు వచ్చి ఈ మాటలన్నీ మెల్లగా పనిలేనివయ్యాయి. పండితుడిని కనుక పదాల మీద బెంగ సహజం. మీరు మన్నించాలి.

ఇక దుకాణాలు. కట్ట దిగగానే కుడిచేతి వైపు వరుసగా పాకలు. మొదటిది ఇడ్లీ పాక, ఒక వితంతువు నడిపేది. పక్కన సోడాబండి. గోలీసోడా కొట్టినప్పుడు వచ్చే ఆ కీచుమన్న చప్పుడు వినబడితే పడవ ఇంకా కదలలేదని అర్థం. ఆపైన సైకిలు షాపు. అందులో అద్దె సైకిళ్ళకంటె, ఆవలి గట్టుకు పోయేవారు దాచి వెళ్ళిన సైకిళ్ళే ఎక్కువ. ఒక పూటకూళ్ళ ఇల్లు ఉండేదని ఎనుబదియేళ్ళ పెద్దాయన అన్నారు. నేను దానిని చూడలేదు. మిఠాయి కొట్టు ఉండేది. మోపిదేవి పోయేవారు అక్కడ చిమ్మిలి ఉండలు కొనేవారని ఒకరూ, కాదు, చిమ్మిలి ఇంటిలోనే చేసుకొని పోయేవారు, కొట్టులో ఉండేది జీళ్ళు మాత్రమే అని మరొకరూ వాదించారు. నాగాయలంక వైపు నుండి ఎండుచేపల గంపలు దిగేవి. లంకల నుండి పసుపు, అరటి గెలలు. ఇటునుండి బట్టల మూటలు, మందుల పెట్టెలు. ఒకసారి తెనాలి నాటకసమాజం వారి రేకుపెట్టెలు, హార్మోనియం బల్లకట్టెక్కడం చూశాను. కిరీటం ఒకటి పెట్టెలో పట్టక, ఒక కుర్రవాడు నెత్తిన పెట్టుకొని కూర్చున్నాడు. అతనికి కూడా వసూలుదారు టిక్కెట్టు కొట్టాడు.

పడవ ఛార్జీ విషయంలో పెద్ద తగాదా జరిగింది. ఇడ్లీ పాక వారి కోడలు "పావలా" అన్నది. ఆమె మరిది "కాదు, అర్ధరూపాయి" అన్నాడు. మూలనున్న ముసలాయన "బేడ, రెండణాలు" అని తేల్చివేశాడు. అరగంట వాదించుకున్నారు. తరువాత నాకు తట్టింది. ముగ్గురూ నిజమే చెబుతున్నారు, మూడు దశాబ్దాలను గురించి చెబుతున్నారు. మనకు జ్ఞాపకం ఉండేది ఒక వస్తువు కాదు, మనం దానిని మొదట చూసిన రోజు. నయాపైసలు వచ్చింది 1957లో. రెండణాలు చెల్లించిన ఆయన బాల్యం ఆవలిది. ఈ ఒక్క సూత్రం పట్టుకున్న తరువాత మిగిలిన తగాదాలు చాలావరకు విడిపోయాయి.

రేవు ఎక్కడ ఉండేదన్న నా మొదటి ప్రశ్న కూడా అట్లాగే విడిపోయింది. ఒకరు ఎగువన అన్నారు, ఒకరు దిగువన అన్నారు. ఒక పాత సరంగు నవ్వి, "పంతులుగారూ, రేవంటే గుడా ఏంటి, ఒకచోట ఉండటానికి? మేట ఎటేస్తే అటు పోయేది" అన్నాడు. నిజమే. వరదకు ఇసుక మేటలు వేసేది. ఏటి ఒరవడి మారేది. ఆ ఏడు లోతు ఎక్కడ ఉంటే అక్కడ పడవలు కట్టేవారు. పాకలు కూడా తాటాకువే కనుక రేవు వెంట నడిచేవి. ఎండాకాలంలో నీళ్ళు ఒక సన్నని పాయగా మిగిలి, తక్కినదంతా ఇసుక. ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. 1967లో నాగార్జునసాగరం కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ తరువాత వేసవిలో కిందికి వచ్చే నీరు మరీ తగ్గి, సముద్రపు పోటు నీరే ఎగదన్నేదని సరంగు మాట. ఆ ఇసుకలో చెప్పులు లేని కాళ్ళతో నడక. మధ్యలో ఒక అవ్వ తాటాకు గొడుగు కింద కుండలో మజ్జిగ అమ్మేది. ఆ మజ్జిగ కుండ ఏ పటంలోనూ లేదు గాని, మా తరం వారందరూ తడుముకోకుండా చెప్పిన గుర్తు అదొక్కటే.

ఇంతవరకు తీపిగా వ్రాశాను. ఇక వ్రాయక తప్పనిది.

1977 నవంబరు 19, శనివారం. నాకు అప్పుడు పదిహేడేళ్ళు. మా అక్కయ్యను దివిసీమలో, అవనిగడ్డకు దిగువన సముద్రం వైపు ఊరికి ఇచ్చాము. ఆ సాయంత్రం వచ్చిన తుపాను, ఉప్పెన సంగతి తెలుగువారికి చెప్పనక్కరలేదు. వేలకు వేల ప్రాణాలు పోయాయి. గాలి తగ్గిన మరునాడు నాన్నగారూ నేనూ కూలిన చెట్లు దాటుకుంటూ రేవుకు నడిచి వచ్చాము. పడవలు కొన్ని మునిగాయి, కొన్ని కట్ట మీదికి ఎగిరిపడి ఉన్నాయి. వసూలు పాక లేదు. మావంటి వారు చాలామంది గట్టున నిలబడి ఆవలికి చూస్తున్నారు. ఎవరూ మాట్లాడడం లేదు. ఆవలి గట్టు ఎప్పటివలెనే కనిపిస్తున్నది, అదే ఘోరం.

చివరకు ఒక పడవను బాగుచేసి నీటిలోకి దింపారు. నాన్నగారు ఎక్కారు. మనుషులు ఎక్కువైనందున నన్ను బియ్యం మూటతో గట్టుననే ఉంచారు. ఆ పడవవారు ఎవరి వద్దా పైసా తీసుకోలేదు. రెండు రాత్రులు నేను ఇడ్లీ పాక ఉన్నచోట కూర్చున్నాను. పైకప్పు లేదు. ఆమె మూడు ఇటుకలు పెట్టి, తడికట్టెలతో టీ కాచి గట్టున ఉన్నవారందరికీ పోసింది. మూడవనాడు నాన్నగారు అక్కయ్యనూ, ఆమె పెద్ద పిల్లవాడినీ తీసుకొని పడవ దిగారు. చిన్నపిల్ల రాలేదు. నేను అడగలేదు.

అందువలన, "రేవు పోయింది, అందం పోయింది" అని వాపోయేవారిని చూస్తే నాకు కొంచెం కోపం వస్తుంది. రాత్రివేళ పురిటినొప్పులతో గట్టున పడి ఉన్న ఆడవారి సంగతి ఎవరి కవిత్వంలోకీ రాలేదు. వారధి కట్టమని మూడు తరాలు అర్జీలు పెట్టాయి. ఉపాధ్యాయుడనైన తరువాత అటువంటి అర్జీలు కొన్ని నా చేతివ్రాతతోనే వెళ్ళాయి. 2000వ దశకం మధ్యలో వారధి వచ్చింది. దానికి దివిసీమ నాయకులు, 1975లో ప్రపంచ తెలుగు మహాసభల నాటి విద్యామంత్రి మండలి వెంకట కృష్ణారావు గారి పేరు పెట్టారు. ఇప్పుడు అది 216వ నంబరు జాతీయ రహదారిలో భాగం. ఒంగోలు నుండి వచ్చే లారీలు పెనుమూడిలో ఆగవలసిన అవసరం లేకుండానే దాటిపోతాయి.

ఆగవలసిన అవసరం లేకపోవడమే పాకలను తీసివేసింది. ఎవరూ కూలగొట్టలేదు. సోడాబండి ముందు పోయింది. సైకిలు షాపు అతను కొంతకాలం రేపల్లెలో కొట్టు పెట్టాడట. ఇడ్లీ పాక కోడలి కొడుకు ఆటో నడుపుతున్నాడు. సరంగులలో కొందరు చేపల వేటకు మళ్ళారు, కొందరు కూలికి. పడవలకు బదులు ఇంత సొమ్మని వారికి ఎవరైనా ఇచ్చారా అని అడిగాను. ముసలి సరంగు, "ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటినాక బోడిమల్లయ్య" అన్నాడు. కోపంగా అనలేదు. వారధి మొదలైన రోజు తానే మనుమరాలిని భుజాన ఎక్కించుకొని ఆవలిదాకా నడిచి వెళ్ళి వచ్చానని కూడా చెప్పాడు. అర్జీ వ్రాసినవాడిని నేను. అందులో ఈ మనిషికి ఏమి చేయాలన్న వాక్యం ఒక్కటీ వ్రాసినట్లు గుర్తు లేదు.

నది మాత్రం ఊరిని మరువలేదు. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. 2024 సెప్టెంబరులో 11.43 లక్షలు వచ్చింది. కట్ట లోపలి లంకలకు ఆ రెండు సంవత్సరాలూ గండాలే. నడుమ 2016 పుష్కరాలకు సిమెంటు మెట్ల మీద స్నానాలు చేశాము. ఆ మెట్లను చూసి కుర్రవాళ్ళు అదే పాత రేవు అనుకుంటున్నారు.

చివరిసారి వెళ్ళినప్పుడు సరంగు నన్ను కట్ట దిగువకు తీసుకొనిపోయి, తుమ్మచెట్ల మధ్య ఒక ఇనుప కమ్మీని చూపించాడు. సగం మట్టిలో దిగి ఉన్నది. బల్లకట్టు గొలుసు కట్టేది దానికేనట. ఇప్పుడు దానికి ఒక గేదె కట్టివేయబడి ఉన్నది. నేను ఫోటో తీయించి మనుమడికి పంపుదామని అనుకుంటుండగా, గేదెను విప్పుకోవడానికి వచ్చిన ఆవిడ మా మాటలు విని, "అది బల్లకట్టుది కాదండీ, లాంచీది. మా మామ పాతాడు" అన్నది. సరంగు ఒప్పుకోలేదు. ఎండ ఎక్కుతున్నదని నేను వారిద్దరినీ అక్కడే వదిలి బస్సుకు వచ్చాను.