చుట్ట తిరిగిన ఎర్ర బార్

పోయిన భాగంలో తెలంగాణ ఎస్సీ వర్గీకరణ చట్టం గురించి మాట్లాడుకున్నాం. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన ఆ చట్టం 59 కులాలను మూడు గ్రూపులు చేసింది. మొదటి గ్రూపులో 15 కులాలు, ఎస్సీ జనాభాలో 3.288 శాతం. రెండో గ్రూపులో 18 కులాలు, 62.749 శాతం. మూడో గ్రూపులో 26 కులాలు, 33.963 శాతం. రిజర్వేషన్ వరుసగా 1, 9, 5 శాతం. వర్గీకరణ మీద నా అభిప్రాయం అక్కడే చెప్పాను, మళ్ళీ ఎత్తుకోను. ఇవాళ్టి సంగతి ఆ అంకెల బొమ్మ.

స్కూల్ లెక్కల పుస్తకంలో "కమ్మీ చిత్రం" అని చదువుకున్నామే, అదే బార్ చార్ట్. ఈ మూడు అంకెలతో గీసి చూడండి. రెండు బార్లు నిటారుగా లేస్తాయి. మొదటి గ్రూపు మాత్రం నేలకు అంటుకున్న గీతలా మిగులుతుంది. బుడ్గ జంగాలు, మాష్టీలు, మెహతర్లు, మాంగ్‌లు, మాదిగలకు జాంబ పురాణం చెప్పి బతికిన డక్కలి వాళ్ళు, అందరూ కలిసి ఒక్క గీత. అలాంటి గీత వస్తే చార్టు గీసేవాళ్ళు ఏం చేస్తారో మనకు తెలుసు. "ఇతరులు" అని ఒక డబ్బాలో వేసేస్తారు. ఊళ్ళోనూ వాళ్ళు ఇతరులే, చార్టులోనూ ఇతరులే.

ఇదే చిక్కు 1900లో అట్లాంటా యూనివర్సిటీలో ఒక ప్రొఫెసర్‌కు ఎదురైంది. ఆయన పేరు డు బాయిస్. 1895లో హార్వర్డ్ నుంచి పీహెచ్‌డీ పొందిన మొదటి నల్లజాతి మనిషి. ఆ ఏడు పారిస్ ప్రపంచ ప్రదర్శనలో అమెరికా నల్లజాతి వాళ్ళ కోసం థామస్ కాలోవే ఒక విభాగం సాధించాడు. దానికోసం డు బాయిస్, ఆయన విద్యార్థులు కలిసి దాదాపు 60 చార్టులు చేత్తో గీశారు, సిరాతో, నీటిరంగులతో. అంతకు ముందు ఏడాదే, 1899 ఏప్రిల్‌లో, అదే జార్జియా రాష్ట్రంలో సామ్ హోస్ అనే నల్లజాతి కూలీని పెద్ద గుంపు చూస్తుండగా తగలబెట్టి చంపారు. ఆ నేల మీద కూర్చుని గీసిన చార్టులు అవి.

అందులో ఒకటి 1890లో జార్జియా నల్లజాతి వాళ్ళు ఎక్కడ బతుకుతున్నారో చెబుతుంది. పెద్ద పట్టణాల్లో 78,139 మంది. ఆ తర్వాతి సైజు పట్టణాల్లో 8,025. చిన్న పట్టణాల్లో 37,699. పల్లెల్లో 7,34,952. చివరి అంకె రెండోదానికి 90 రెట్లకు పైమాటే. మామూలుగా గీస్తే పల్లె బార్ కాగితం దాటి పోవాలి, లేదా 8,025 మంది మాయమైపోవాలి. వీళ్ళు రెండూ ఒప్పుకోలేదు. పల్లె బార్‌కు ఎర్ర రంగు వేసి, దాన్ని చుట్ట తిప్పారు, దోమల చుట్టలాగా. పొడవు పొడవే ఉంది, చిన్న బార్ కూడా కంటికి ఆనుతోంది. లెక్క తెలిసిన పెద్దలు కొందరు, చుట్ట తిరిగిన బార్‌ను కన్ను సరిగ్గా కొలవలేదని అంటారు. నిజమే. కానీ మాయమైపోయిన బార్‌ను అసలే కొలవలేదు కదా.

ఇంకో చార్టు నిరక్షరాస్యత మీద. వరుసగా ఆకుపచ్చ బార్లు, మధ్యలో ఒక్కటి ఎరుపు. ఆ ఎరుపు అమెరికా నల్లజాతి. దానికంటే పొడవుగా రుమేనియా, సెర్బియా, రష్యా. బానిసత్వం నుంచి బయటపడి 35 ఏళ్ళు కూడా నిండని మనుషులు తెల్ల దేశాల కంటే ముందున్నారని, పారిస్ నడిబొడ్డున, ఒక్క రంగు మార్చి చెప్పారు.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. నేను మాదాపూర్‌లో డేటా పని చేస్తాను. ఆదివారాలు కొందరు విద్యార్థులకు పైథాన్ చెబుతాను, అమీర్‌పేట కోచింగ్ ఫీజు కట్టలేని పిల్లలకు. బార్లు గీయడానికి మేం వాడేది మాట్‌ప్లాట్‌లిబ్. జాన్ హంటర్ అనే న్యూరోబయాలజిస్ట్ మూర్ఛ రోగుల మెదడు సంకేతాలు చూడటానికి రాసుకున్న కోడ్ అది. 2003లో బయటికి ఇచ్చాడు, 2012లో చనిపోయాడు. ఎవరైనా వాడుకోవచ్చు, పైసా అడగదు.

దానికి అంకెలిచ్చి బార్ అని పిలిస్తే అన్ని బార్లూ ఒకే నీలంలో వస్తాయి. 2017 దాకా ముదురు నీలం, చుట్టూ నల్ల గీత ఉండేవి. తర్వాత రంగు తగ్గించి, గీత తీసేశారు. (అది మన నీలం కాదు లెండి.) ఆ రంగు, వెడల్పు ఎవరో ముందే నిర్ణయించారు. బార్ల వరుస మనం ఇచ్చిన అంకెల వరుసే. పాండాస్‌తో లెక్కబెట్టించుకుని ఇస్తే పెద్ద కులం ముందు, చిన్న కులం చివర. మీరు మార్చకపోతే అదే మీ నిర్ణయం అవుతుంది.

మార్చడం కష్టం కాదు. కలర్ దగ్గర ఒక్క రంగు బదులు జాబితా ఇస్తే డు బాయిస్ ఎర్ర బార్ మీకూ వస్తుంది. బార్‌హెచ్ అంటే బార్లు పడుకుంటాయి, పొడవాటి కులాల పేర్లు తల వంచకుండా చదవొచ్చు. బార్ లేబుల్ అంటే అంకె బార్ మీదే కూర్చుంటుంది.

వైలిమ్ దగ్గర మాత్రం జాగ్రత్త. నిలువు గీత సున్నా బదులు 30 నుంచి మొదలుపెట్టామనుకోండి. రెండో గ్రూపు మూడో గ్రూపుకు ఎనిమిది రెట్లు కనిపిస్తుంది. అసలు తేడా రెండు రెట్లు కూడా లేదు. మొదటి గ్రూపైతే చార్టులోనే ఉండదు. మాల, మాదిగల మధ్య చిచ్చు పెట్టాలనుకునేవాడికి ఆ ఒక్క అంకె చాలు. వాట్సాప్‌లో అలాంటి బొమ్మ వస్తే ముందు ఎడమ పక్క కింది మూల చూడండి.

మరి మొదటి గ్రూపును ఎలా చూపాలి? "అన్నా, లాగ్ స్కేల్ పెడదామా" అని ఒకమ్మాయి అడిగింది. పెడితే మూడు బార్లూ దగ్గర దగ్గరగా వస్తాయి, అది ఇంకో అబద్ధం. చివరికి మేం మొదటి గ్రూపునే కొలబద్ద చేశాం. 3.288 శాతం ఒక వరుస. మూడో గ్రూపు పది వరుసలు దాటి కొంచెం, రెండో గ్రూపు పందొమ్మిది వరుసలు. పొడవాటి బార్‌ను తెంచి, మడిచి, కింద కింద పేర్చడమే. డు బాయిస్ చార్టులను కోడ్‌లో తిరిగి గీసే పని 2021 నుంచి అమెరికాలో కొందరు సవాలుగా నడుపుతున్నారు. మా పిల్లలు చేసిందీ ఆ దారిలోదే.

తర్వాత పేర్లు. మాట్‌ప్లాట్‌లిబ్‌తో వచ్చే ఫాంట్‌లో తెలుగు అక్షరాలు లేవు, ఖాళీ డబ్బాలు వస్తాయి. నోటో సాన్స్ తెలుగు పెడితే అక్షరాలొస్తాయి కానీ వత్తులు ఊడిపోతాయి. "బుడ్గ"లో గ వత్తు కిందికి దిగదు, పక్కన నిలబడుతుంది. "మాష్టీ" కూడా అంతే. మేం చూసుకున్న ఉపాయం ఇది: బొమ్మను ఎస్‌వీజీగా దాచండి, ఫాంట్‌టైప్ "నన్" అని పెట్టండి. అప్పుడు అక్షరాలను బ్రౌజర్ కూర్చుతుంది, వత్తులు వాటి చోట ఉంటాయి. పత్రాల్లో ఎన్నోసార్లు తప్పుగా పడిన పేర్లు ఇవి, మన చార్టులోనైనా సరిగ్గా పడాలి.

1998లో సైబర్ టవర్స్ తెరిచారు. అప్పటి నుంచి ఈ కారిడార్‌లో బార్లకు కొదువ లేదు. నేను పనిచేసిన చోట్ల ఆడవాళ్ళెంతమంది అన్న బార్ ఉంది, వయసు బార్ ఉంది, ఏ ఊరి ఆఫీసులో ఎంతమంది అన్న బార్ ఉంది. కులం బార్ ఒక్కసారీ చూడలేదు. ప్రైవేటులో రిజర్వేషన్ లేదు కాబట్టి లెక్క అక్కర్లేదంటారు. అంకె ఇస్తే కదా రంగు మార్చేది.

అంకె దొరికినా పేచీ పోదు. 2024 నవంబర్ 6న మొదలైన రాష్ట్ర కులగణన 3.54 కోట్ల మంది వివరాలు రాసుకుంది. ఎస్సీలు 17.43 శాతం. బీసీల దగ్గర ముస్లిం బీసీలను కలిపి ఒకే బార్ వేస్తే 56.33. విడగొడితే 46.25, 10.08. పార్టీలు నెలల తరబడి కొట్టుకున్నది ఆ బార్‌ను ఎక్కడ కోయాలన్న దాని మీదే.

బాబాసాహెబ్ ఈ పని బొమ్మ లేకుండా చేశాడు. 1927లో బొంబాయి శాసన మండలిలో విద్యా గ్రాంట్ల మీద మాట్లాడుతూ రెండు వరుసలు పక్కపక్కన పెట్టాడు. జనాభాలో నాలుగో చోట ఉన్న అగ్రకుల హిందువులు చదువులో మొదటి చోట. జనాభాలో రెండో చోట ఉన్న వెనుకబడిన వర్గం, అందులోనే మనవాళ్ళు, చదువులో చిట్టచివర.

ఈ ఇద్దరికీ ఉత్తరాలు నడిచాయి. 1946లో అంబేడ్కర్ డు బాయిస్‌కు రాశాడు, ఐక్యరాజ్యసమితికి నల్లజాతి వాళ్ళు ఇచ్చిన అర్జీ కాపీలు కావాలని. జూలై 31న డు బాయిస్ జవాబిచ్చాడు, పంపుతానని, మీ పేరు నాకు తెలుసని. ఆ ఉత్తరాల కథ వచ్చే భాగంలో.