కాలిఫోర్నియాలో వలస విధానం, ఎన్నికలు, ప్రజారోగ్యం

వలస వచ్చినవారిలో ఎవరికి వైద్యం అందాలి, ఎవరిని రోగభయంతో దూరం పెట్టాలి అన్నది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో తరచు ఎన్నికల అంశమైంది. చైనా కూలీల రాకను నిషేధించిన 1882 నాటి చట్టానికి ఒత్తిడి ప్రధానంగా ఇక్కడినుంచే వచ్చింది.

1900 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో ఒక చైనీయుడు ప్లేగుతో చనిపోయాడు. అధికారులు పేట చుట్టూ తాళ్లు కట్టి, లోపలున్న తెల్లవారిని మాత్రం బయటికి పంపించేశారు. ఫెడరల్ క్వారంటైన్ అధికారి జోసెఫ్ కిన్యూన్ ప్లేగేనని నిర్ధారించాడు. గవర్నర్ హెన్రీ గేజ్ మాత్రం అలాంటిదేమీ లేదని బుకాయించాడు. ప్లేగు మాట పొక్కితే సరుకుల ఎగుమతి ఆగిపోతుందన్న బెంగ వ్యాపారులది. మే నెలలో, బొంబాయిలో శాస్త్రవేత్త హాఫ్‌కిన్ రూపొందించిన ప్లేగు టీకా వేయించుకోని ఆసియావాసులు ఊరు దాటరాదని అధికారులు ఆంక్ష పెట్టారు. కోర్టు దాన్ని కొట్టివేసింది. నెలాఖరున మళ్లీ క్వారంటైన్ విధించారు. ఈసారి సరిహద్దు గీత తెల్లవారి దుకాణాలను తప్పించుకుంటూ మెలికలు తిరిగింది. కిరాణా వ్యాపారి జూ హో దావా వేయగా, జూన్‌లో న్యాయమూర్తి విలియం మారో ఇది వివక్షేనని తీర్పిచ్చాడు. ఈలోగా భయపడిన చైనీయులు రోగులను, శవాలను సైతం దాచసాగారు. 1901లో ఫెడరల్ నిపుణులు ప్లేగు నిజమేనని తేల్చినా బదిలీ అయింది కిన్యూనే.

1902లో గేజ్‌కు సొంత పార్టీ టికెట్ దక్కలేదు. ఆ నవంబరులో గవర్నర్‌గా గెలిచిన జార్జ్ పార్డీ స్వయంగా వైద్యుడు. ఆయన సహకారంతో ఫెడరల్ వైద్యాధికారి రూపర్ట్ బ్లూ సాగించిన పారిశుధ్య కృషి ప్రశంసనీయం. 1904 నాటికి వ్యాధి అణగింది. మృతులు 119 మంది.

1910 తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలోని ఏంజెల్ ద్వీప వలస కేంద్రంలో, పేగుల్లో చేరే కొంకిపురుగు ఉందన్న పేరుతో అనేకమంది భారతీయులను వెనక్కి పంపారు. 1942–64 మధ్య ఒప్పందంపై వచ్చిన మెక్సికో కూలీలపై డీడీటీ చల్లేవారు.

1994లో గవర్నర్ పీట్ విల్సన్ తన ఎన్నికల ప్రచారంలో సమర్థించిన 187వ ప్రతిపాదన ఓటర్ల ఆమోదం పొందింది. అనుమతి పత్రాలు లేనివారికి అత్యవసరం కాని వైద్యం నిరాకరించాలని, అనుమానితుల పేర్లు అధికారులకు తెలపాలని అది ఆదేశించింది. కోర్టులు అమలును అడ్డుకున్నాయి. పట్టుబడతామన్న భయంతో క్షయరోగులు వైద్యుడి దగ్గరికి ఆలస్యంగా వెళుతున్నట్టు లాస్ ఏంజెలెస్‌లో జరిగిన అధ్యయనం వెలువడిందీ అప్పుడే. ఇలాంటి ఆలస్యం ఇరుగుపొరుగుకూ ముప్పే.

2016లో రాష్ట్రం తన వైద్య సహాయ పథకం మెడి-కాల్‌ను పత్రాలు లేని పిల్లలకూ, 2024 జనవరిలో అన్ని వయసులవారికీ విస్తరించింది. నిధుల కొరతతో, 2026 జనవరి నుంచి పత్రాలు లేని పెద్దల కొత్త నమోదును నిలిపివేయాలని 2025లో నిర్ణయించింది.